సున్నం ఆగిన చోటు

యరీనా కన్ను తప్పదని దళంలో అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకోనివాళ్ళను ఆమె ఒక పట్టాన వదిలిపెట్టేది కాదు. యుద్ధం రాకముందు ఆమె పని ఊరూరా తిరిగి పెళ్ళిళ్ళకు వీడియోలు తీయడం. ఇప్పుడు బాంబు కట్టిన డ్రోన్లు నడుపుతోంది. కెమెరా అదే, చేతివేళ్ళు అవే అని ఆమె వాదన.

"మొహం చూసి మనిషిని గుర్తుపట్టడం ఎవడైనా చేస్తాడు బాబాయ్. నేను నడక చూసి చెప్పేస్తా. వాడు పెళ్ళికొడుకు తరఫో పెళ్ళికూతురు తరఫో, తాగినవాడో తాగబోయేవాడో!"

"నేను?" అన్నాడు పనాస్.

"నువ్వు కూర్చున్నా తెలిసిపోతుంది."

పనాస్ నవ్వుతూనే పళ్ళతో టేపు తెంపి, డ్రోన్ పొట్ట కింద బాంబును మరో చుట్టు చుట్టాడు. యాభై దాటిన మనిషి. బాంబులు కట్టడం అతని పని. చుట్టు చుట్టుకీ బొటనవేలితో టేపును నొక్కి, మెల్లగా లాగి చూసుకుంటాడు. వాళ్ళున్నది ఎవరో వదిలేసి వెళ్ళిన ఇంటి నేలమాళిగ. గోడ పొడవునా అలమరల్లో ఆ ఇల్లాలు ఊరవేసుకున్న టమాటా జాడీలు అలాగే ఉన్నాయి. తిందామని ఎవరైనా చెయ్యి వేస్తే పనాస్ ఊరుకోడు. "ఆవిడ తిరిగొచ్చి లెక్క చూసుకుంటే నీ తరఫున నేను తిట్లు తినాలా?" అంటాడు.

మూడో మనిషి లుబోమీర్. కీవ్ నుంచి వచ్చిన ఇంజనీరు. అతను తెచ్చిన కొత్త ప్రోగ్రాము స్క్రీను మీద మనుషుల్ని వెతికి పట్టుకుంటుంది. అనుమానం ఉంటే పసుపు గడి గీస్తుంది, శత్రు సైనికుడే అనిపిస్తే ఎర్ర గడి గీస్తుంది. యరీనా మీట నొక్కి అనుమతి ఇచ్చిందంటే చాలు, ఆ తరవాత దారిలో సిగ్నలు పోయినా డ్రోన్ తనంతట తానే వెళ్ళి కొడుతుంది. పనాస్ దానికి కొత్త కోడలని పేరు పెట్టాడు.

"మీ కోడలు భలే చురుకు ఇంజనీరు గారూ. పొయ్యి వెలిగించనా అని అడుగుతూనే అగ్గిపుల్ల గీసేస్తుంది."

"అడుగుతోంది కదా బాబాయ్, అది చాలు," అన్నాడు లుబోమీర్ మొహమాటంగా.

ఆ శుక్రవారం ఇంకా చీకటి విడవలేదు. నిఘా డ్రోన్ తెరెన్కీ మీద తిరుగుతోంది. తెరెన్కీ రెండు సైన్యాలకీ మధ్య చిక్కుకున్న ఊరు. అందరినీ ఎప్పుడో ఖాళీ చేయించామని, మనిషన్నవాడు లేడని పైవాళ్ళు చెప్పారు. చీకట్లో పనిచేసేది వేడిని చూసే కెమెరా. అందులో రంగులుండవు. వెచ్చగా ఉన్నది తెల్లగా, చల్లగా ఉన్నది నల్లగా కనిపిస్తుంది.

ఊరి చివర శ్మశానం అంచున ఒక తెల్లని ఆకారం కదిలింది. భుజాన పొడవాటి కర్ర లాంటిది ఉంది. ఆకారం దాన్ని దించి మోకాళ్ళ మీద కూర్చుంది. కాసేపు నేల దగ్గర చేతులు ఆడించి లేచింది. ఒక అడుగు పక్కకు జరిగి మళ్ళీ మోకరిల్లింది. మళ్ళీ లేచి, మళ్ళీ జరిగింది.

స్క్రీను మీద పసుపు గడి పడింది. కాసేపటికి అదే ఎర్రబడింది.

"మందుపాతర్లు పాతుతున్నాడు. రేపు ముందుకు కదిలితే ఆ దారినే కదా మనవాళ్ళు వెళ్ళేది," అన్నాడు పనాస్ గొంతు తగ్గించి.

యరీనా తొందరపడలేదు. ఆమె ఎప్పుడూ తొందరపడేది కాదు, ఆ మాట చెప్పి తీరాలి. ఆ మనిషి లేచిన తీరు చూసింది, జరిగిన తీరు చూసింది. ఎడంగా పడుతున్న అడుగులు, భుజాన బరువు మోసి అలవాటైన వాలు, పని తెలిసినవాడి నిదానం.

"సైనికుడే. పాతవాడు," అని మీట నొక్కింది.

డ్రోన్ చూసేదంతా చూపించే కళ్ళద్దాల్లో నేల పెద్దదవుతూ వచ్చింది. చివరి క్షణంలో ఆ మనిషి తల పైకెత్తి, కుడిచెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు. ఆ వెంటనే బొమ్మంతా చుక్కలైపోయింది.

పనాస్ ఛాతీ మీద శిలువ గుర్తు వేసుకున్నాడు. ప్రతిసారీ వేసుకుంటాడు. యరీనా కళ్ళద్దాలు తీసి, చల్లారిపోయిన టీ తాగింది.

శనివారం ఈదురుగాలి. ఒక్క డ్రోన్ కూడా లేవలేదు. లుబోమీర్ మాత్రం మొహం వెలిగిపోతూ మెట్లు దిగివచ్చాడు. శుక్రవారం వీడియో పైవాళ్ళకు తెగ నచ్చిందట. మిషనూ, దళంలో అందరికన్నా నమ్మకమైన కన్నూ ఒకే మాట చెప్పాయి. ఇంకేం కావాలి? సోమవారం నుంచి తెరెన్కీ చుట్టుపక్కల మిషను అనుమతి అడగదు. తనే చూస్తుంది, తనే కొడుతుంది. అక్కడ మనవాళ్ళెవరూ లేరు కాబట్టి ఇబ్బంది లేదు.

యరీనాకు ఒళ్ళు మండింది.

"నా కన్ను నాది. దాన్ని పట్టుకెళ్ళి నీ పెట్టెకి పూచీ పెడతావా?"

"అది కాదు యరీనా. నువ్వు నిద్రపోతావు, నువ్వు అలిసిపోతావు. నిన్న రాత్రంతా కూర్చున్నావు. ఏదో ఒకరోజు నీ తమ్ముడి వయసు కుర్రాడు నీ చోట్లో కూర్చుని, భయపడి, తప్పుగా నొక్కుతాడు. మిషను భయపడదు."

"భయపడాలయ్యా! భయపడనిదాని చేతికి మనుషుల్ని అప్పజెప్తారా ఎవరైనా? ఆదివారం దాకా టైముంది. నీ కోడలు ఎక్కడ బోల్తా పడుతుందో నేను చూపిస్తాను. చూపించలేకపోతే ఈ కుర్చీలో దాన్నే కూర్చోబెట్టు."

లుబోమీర్ చెడ్డవాడు కాడు. "చూపిస్తే పైవాళ్ళతో నేనే మాట్లాడతాను," అన్నాడు. అన్నమాట నిలబెట్టుకునే మనిషిలాగే అన్నాడు.

ఆదివారం గాలి ఆగి ఎండ కాసింది. పొద్దున్నే పనాస్ ఎక్కడినుంచో ఒక తీపిరొట్టె సంపాదించి, మూడు ముక్కలు కోసి తలో ముక్కా పెట్టాడు. తినబోతూ వాళ్ళ నాన్న పేరు, అన్న పేరు పైకి పలికాడు. మామూలు రోజైతే ఈపాటికి తమ ఊళ్ళో సమాధుల దగ్గర కూర్చుని వాళ్ళతో కలిసి తినేవాడు. ఈస్టర్ వెళ్ళిన మరుసటి ఆదివారం అక్కడ ఎవరూ ఇంట్లో కూర్చోరు. చనిపోయినవాళ్ళ దగ్గరికి గుడ్లూ రొట్టే పట్టుకెళ్తారు. ఆ రోజును ప్రోవొది అంటారు.

నిఘా డ్రోన్ తెరెన్కీ మీదికి వెళ్ళింది. ఎండలో మామూలు కెమెరాయే పనిచేస్తోంది. చిగురు వేస్తున్న చెట్లు, కప్పు కూలిన ఇళ్ళు, శ్మశానం రంగురంగులుగా కనిపిస్తున్నాయి.

ముగ్గురు మనుషులు ఒకరి వెనక ఒకరు శ్మశానంలోకి వచ్చారు. ముందున్న మనిషి భుజాన పొడవాటి కర్ర. వెనకాల ఇంకొకరి చేతిలో ఇంకో కర్ర. మూడోవారి చేతిలో సంచీ. చూస్తుండగానే వాళ్ళ మీద గడులు పడ్డాయి. ఈసారి పసుపు రంగు మధ్యలో ఆగలేదు. మూడూ ఒకేసారి ఎర్రబడ్డాయి.

రేడియోలో కెప్టెన్ హొర్దీ గొంతు వినిపించింది. అతను వెనక బంకరులో కూర్చుని అదే బొమ్మ చూస్తాడు.

"ముగ్గురు. నాకూ కనిపిస్తున్నారు. యరీనా, నొక్కు."

"నొక్కను."

"ఏంటీ?"

"నొక్కనన్నాను కెప్టెన్ గారూ. వాళ్ళు సైనికులు కారు."

"మొన్న అదే చోట వాళ్ళవాడే కదా పాతర్లు పెడుతూ దొరికాడు? మిగిలినవి పెట్టడానికి వచ్చుంటారు. చేతుల్లో ఏంటవి?"

"ముందుది గడ్డి లాగే పళ్ళకర్ర. రెండోది చేతికర్ర, చూడండి, దాని మీద ఎలా వాలి నడుస్తోందో. ఇక మూడో మనిషి ఆ సంచీని ఎలా పట్టుకుందో చూశారా? ఒంటికి ఆనించకుండా, ఊగకుండా. గుడ్లున్న సంచీని మాత్రమే అలా మోస్తారు. ఇవాళ ఏ ఆదివారమో మర్చిపోయారా?"

రేడియో గరగరలాడింది.

"ఆ ఊళ్ళో ఎవరూ లేరు యరీనా."

"లేరని మనమనుకున్నాం. వెళ్ళమంటే వెళ్ళిపోతారా ముసలాళ్ళు? మీ అమ్మ వెళ్ళిందా?"

"మా అమ్మ సంగతి ఇప్పుడెందుకు!" అని కసిరాడు కెప్టెన్. వాళ్ళమ్మ వెళ్ళలేదని అందరికీ తెలుసు. "రెండు నిమిషాలు. ఈలోపు నాకు నమ్మకం కుదరాలి. కుదరలేదో, ఫిరంగులవాళ్ళకు చెప్తాను."

పనాస్, లుబోమీర్ ఆమె వైపూ, స్క్రీను వైపూ చూస్తూ నిలబడ్డారు. యరీనా వేళ్ళు మీటకు దూరంగా, బల్ల మీద చాచి పెట్టుకుని కూర్చుంది. తెరెన్కీలో సంచీ మోస్తున్న మనిషి ఒక సమాధి దగ్గర ఆగింది. కొంగు సర్దుకున్నట్టుగా తలగుడ్డ సర్దుకుని వంగి, సంచీలోంచి బట్ట తీసి మట్టి మీద పరిచింది. ఒక మూలకు ముడత పడితే చేత్తో సాపు చేసింది. తరవాత ఒక్కొక్కటే తీసి పెట్టసాగింది. ఎర్రటివి, గుండ్రటివి.

"గుడ్లు," అన్నాడు కెప్టెన్. "సరే. ఎవరూ ఏమీ చెయ్యొద్దు."

పనాస్ బల్ల మీద అరచేత్తో చరిచాడు. అలమరలో జాడీలు గలగలమన్నాయి. లుబోమీర్ కుర్చీలో కూలబడ్డాడు. "మా అమ్మమ్మ కూడా సంచీని అలాగే మోసేది," అన్నాడు. "సోమవారం ఆర్డరు నేను ఆపిస్తాను. మాటిచ్చాను కదా."

"ముందు మీ కోడలికి పండగలు నేర్పించండి," అంది యరీనా. ఆమెకు సంతోషం పట్టలేకుండా ఉంది. ముగ్గురి ప్రాణాలు నిలబడ్డాయి. తన కన్ను గెలిచింది. ఆ సంతోషంలోనే, ఆ ముసలామె ఏం తెచ్చిందో దగ్గరగా చూద్దామని కెమెరాను జూమ్ చేసింది.

బట్ట పరిచిన సమాధి కొత్తది. మట్టి ఇంకా ఎండలేదు. కొత్త కొయ్యశిలువకు ఎర్రదారం కుట్టుపని ఉన్న తువాలు కట్టి ఉంది. శిలువ మొదట్లో ఒక పసుపురంగు ప్లాస్టిక్ బకెట్టు. ఒక పక్క చీలిపోయి ఉంది. అందులో ఎవరో నాలుగు పూలకొమ్మలు పెట్టారు.

యరీనా కెమెరాను పక్కకు జరిపింది. శ్మశానం చుట్టూ అంచుకి రాళ్ళు పేర్చి ఉన్నాయి. పండక్కి ముందు వాటికి సున్నం కొట్టడం అక్కడి అలవాటు. గేటు దగ్గర మొదలై రాళ్ళు తెల్లగా, పక్కపక్కనే, ఎక్కడా వదలకుండా వరసగా వచ్చాయి. ఒకచోట నేల చెదిరి నల్లగా గుంటపడింది. గుంట దాటాక రాళ్ళు బూడిదరంగులోనే ఉన్నాయి. గుంట పక్కనే పొడవాటి కర్ర ఒకటి రెండుగా విరిగి పడి ఉంది. దాని కొసన సున్నపు కుంచె.

ఆమె బొమ్మను అలాగే ఆపి చూస్తూ ఉండిపోయింది. మోకరిల్లడం, లేవడం, ఒక్క అడుగు జరగడం, మళ్ళీ మోకరిల్లడం. ఒక రాయి, ఇంకో రాయి. వేడిని చూసే కెమెరాకు సున్నం తెలుపు తెలియదు.

"లుబోమీర్," అంది. "మొన్న శుక్రవారం ఇది ముందు పసుపు గడి గీసింది. ఆలోచించింది. ఇవాళ ఆలోచించకుండా ఎర్రగా చూసేసింది. ఇంత ధైర్యం దీనికి ఎక్కణ్ణించి వచ్చింది?"

"నీ దగ్గర్నించే," అన్నాడతను. ఆమె స్క్రీను మీద ఏం చూస్తోందో అతనికింకా తెలియదు. "నువ్వు ఔనన్న ప్రతిదాన్నీ అది నేర్చుకుంటుంది. ఆ శ్మశానంలో కర్ర పట్టుకుని వంగినవాడు సైనికుడని శుక్రవారం నువ్వు చెప్పావుగా."

పనాస్ లేచివచ్చి ఆమె భుజం మీదుగా చూశాడు. చూసి, టోపీ తీశాడు. ఈసారి శిలువ గుర్తు వేసుకోలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు టోపీని నలుపుతూ నిలబడ్డాడు.

"నేను కూడా పాతర్లనే అన్నాను," అన్నాడు.

"నువ్వన్నావు బాబాయ్. నొక్కింది నేను."

సాయంత్రం కెప్టెన్ హొర్దీ తనే వచ్చాడు. ఆమె రేడియోలో చెప్పిన మాట రేడియోలో వినేది కాదనుకున్నట్టున్నాడు. రెండు వీడియోలూ పక్కపక్కన పెట్టించుకుని, నిలబడే చూశాడు. చూసి, బొటనవేలితో కళ్ళు నులుముకున్నాడు.

"చీకట్లో తీసింది. ఇందులో ఏ కన్నైనా పొరబడుతుంది," అన్నాడు.

"నిజమే," అన్నాడు లుబోమీర్ ఆత్రంగా. "శుక్రవారం సంగతి ఎత్తక్కర్లేదు. ఇవాళ్టి వీడియో ఒక్కటి చూపిస్తే చాలు, ఆర్డరు ఆగుతుంది. మిషను తప్పింది, యరీనా కాపాడింది. అదే కదా జరిగింది?"

అలా కూడా చెప్పొచ్చు. అబద్ధం ఒక్కటి కూడా లేదు. యరీనాకు ఒక్క క్షణం ఆశ పుట్టిందని కూడా చెప్పాలి. దళంలో తన పేరు అలాగే నిలుస్తుంది, ఊరివాళ్ళూ బతుకుతారు. కానీ ఆ పక్కనే ఉన్న పెట్టె వైపు చూసింది. అందులో ఆమె శుక్రవారం చెప్పిన ఔను అలాగే కూర్చుని ఉంది. ఇంకో ఊళ్ళో, ఇంకో శ్మశానంలో, ఇంకో సున్నపు కుంచె కోసం.

"ఇవాళ్టిది చూపిస్తే ఈ ఊరు ఒక్కటే ఆగుతుంది," అంది. "పక్క ఊళ్ళో నా కన్నునే చూపించి మొదలుపెడతారు. మిషను తప్పలేదు లుబోమీర్. నేను చెప్పిందే చేసింది. తప్పింది నేను. దాని పేరూ నా పేరూ ఒకేచోట రాయించాలి. శుక్రవారం పడ్డవాడు సైనికుడు కాడు. మన మనిషి. నేను చంపాను."

మాట బయటికి వచ్చాక ఆమె తన కళ్ళద్దాలను కెప్టెన్ ముందు బల్ల మీద పెట్టింది.

కెప్టెన్ జాడీల వైపు చూశాడు.

"విచారణ అవుతుంది. అది తేలేదాకా బాంబు కట్టింది ఏదీ నువ్వు నడపకూడదు."

"నడపను."

"నీలాంటిదాన్ని కూర్చోబెట్టి ఇంకెవర్ని ఎగరేయమంటావు, చెప్పు!" అని అరిచాడు అతను. నిజానికి ఆమె మీద అరవలేదు. మెట్లెక్కి వెళ్ళిపోతూ లుబోమీర్‌తో, "దానికి నేర్పింది మొత్తం తీసెయ్యి. మొదట్నించి. ఎన్నాళ్ళు పట్టినా సరే," అన్నాడు.

లుబోమీర్ ఆ రాత్రే మొదలుపెట్టాడు.

మంగళవారం పొగమంచు కమ్మింది. పక్కింటి గోడ కూడా కనిపించలేదు. అలాంటి రోజున అటువాళ్ళ డ్రోన్లు లేవవు. పనాస్ పెద్ద డ్రోన్‌ను తుడుస్తున్నాడు. ఆరు రెక్కలది, బస్తా బరువు మోస్తుంది.

"దీనికి బాంబు కట్టలేదు," అన్నాడు గాల్లోకి చెప్పినట్టు. "నీళ్ళూ, పిండీ, నూనే కట్టాను. మందులు కూడా. కెప్టెన్ విన్నాడు, ఔననలేదు, కాదనలేదు."

"డ్రోన్ చప్పుడు వింటే వాళ్ళ గుండెలు ఆగిపోతాయి బాబాయ్."

పనాస్ తన మూటలోంచి ఒక తువాలు తీశాడు. ఎర్రదారం కుట్టుపని, అంచులు వెలిసిపోయాయి. అతని తల్లి కుట్టింది. ఆ తువాలు డ్రోన్ కింద వెడల్పుగా వేలాడేట్టు కట్టి, మధ్యలో ఒక రొట్టె బిగించాడు. ఎప్పటిలాగే ముడి ముడికీ బొటనవేలితో నొక్కి లాగి చూసుకున్నాడు. తువాలు మీద రొట్టె పెట్టుకుని చంపడానికి ఎవరూ రారు. అది అక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు.

యరీనా దాన్ని నేలకు దగ్గరగా, నిదానంగా నడిపింది. మంచులోంచి శ్మశానం గేటు వచ్చింది, తెల్లరాళ్ళు వచ్చాయి. ముసలామె అక్కడే ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. పారిపోలేదు. పారిపోయే వయసు దాటింది. చప్పుడు విని తల ఎత్తి, కుడిచెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుంది. ఆ చెయ్యి యరీనాకు శుక్రవారం నుంచీ తెలుసు.

డ్రోన్ కొంచెం దూరంలో దిగింది. ముసలామె లేచి వచ్చి, తువాలు కొస పట్టుకుని కుట్టుపని చూసింది. రొట్టె విప్పుకుని ముద్దు పెట్టుకుంది. పెదవులు ఏదో అంటున్నాయి. వినపడదు. తరవాత ఒక్కొక్క సంచీ దించుకుని పక్కన పెట్టింది. ఇక లేపుదామని యరీనా వేళ్ళు కదిలించేసరికి, ఆమె ఆగమన్నట్టు అరచెయ్యి చూపించి సమాధి దగ్గరికి నడిచింది.

తిరిగొచ్చి, చేతిరుమాలులో కట్టినదేదో తువాలులో పెట్టి గట్టిగా ముడి వేసింది. కెమెరా ముందు నిలబడి, వేలితో శిలువను చూపించి ఒక మాట అంది. ఈసారి ఆ మాట వినపడకపోయినా తెలిసింది. శిలువ మీద పెయింటుతో రాసిన పేరే. సవా.

డ్రోన్ మంచులోంచి తిరిగివచ్చింది. పనాస్ ముడి విప్పాడు. రుమాల్లో కొన్ని చాక్లెట్లు, ఉల్లిపొట్టుతో ఎర్రగా ఉడికించిన ఒక గుడ్డు ఉన్నాయి. గుడ్డు మీద తెల్లగా బొటనవేలి ముద్ర పడి ఉంది. ఆమె చేతికి సున్నం ఉంది. మిగిలిన రాళ్ళకు తనే కొడుతోంది.

లుబోమీర్ ఒక చాక్లెట్టు తీసుకోబోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఎవరి పేరు మీద పంచుతారో వాళ్ళని తలుచుకుని తినాలి," అన్నాడు పనాస్. "వద్దనకూడదు. వద్దంటే పోయినవాడికి అన్నం వద్దన్నట్టే." యరీనా వైపు చూడకుండా అన్నాడు. "కావాలంటే నీది నేను తింటానమ్మా."

"వద్దు బాబాయ్. ఇలా ఇవ్వు."

ఆమె గుడ్డు చేతిలోకి తీసుకుంది. అంత దారి వచ్చినా ఎక్కడా చిట్లలేదు. సున్నం ముద్ర ఉన్న వైపు బల్లకు తగలకుండా రెండో వైపు మెల్లగా కొట్టి, పెంకు వలిచింది. వలిచిన పెంకును రుమాల్లోనే పెట్టింది.

"సవా," అంది పైకి. తరవాత మొత్తం తింది.